లేపాక్షి, మర్రిమాను, గండికోట ఫొటో టూర్: 12,500కి తగ్గట్టు ఉందా?

బెంగుళూరు నుంచి వీకెండ్లో నడిపే ఫొటో టూర్ల గురించి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. టూర్ వాళ్ళ పేరు మాత్రం పెట్టట్లేదు. చిన్న టీమ్, ఇద్దరు ముగ్గురు కలిసి నడుపుకుంటున్నారు, కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి, అవి వాళ్ళకి ఫోన్ చేసి నేరుగా చెప్పేశా. ఎలాగూ ఇదే రూట్లో ఇలాంటి టూర్లు ఇంకా ఉన్నాయి కాబట్టి మీరు ఎవరితో వెళ్ళినా ఏం అడగాలో, దేనికి డబ్బు పెట్టొచ్చో, దేనికి దండగో తెలిస్తే చాలు.

మనిషికి 12,500. టెంపో ట్రావెలర్, రూములు (ఇద్దరికి ఒకటి), టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు, వెంట ఉండి ఫొటోలు తీయడం నేర్పే ఒక మెంటర్, వెళ్ళొచ్చాక ఒక ఆన్‌లైన్ ఎడిటింగ్ క్లాసు, ఆఖర్న ప్రింట్ చేసి పంపే చిన్న ఫొటో బుక్, ఇవన్నీ అందులోనే. రాత్రి భోజనం మన ఖర్చు. శుక్రవారం రాత్రి బయలుదేరి హిందూపురంలో పడుకోవడం, శనివారం లేపాక్షి, సాయంత్రం నిమ్మలకుంట, రాత్రికి కదిరి, ఆదివారం తెల్లారేసరికి తిమ్మమ్మ మర్రిమాను, అక్కణ్ణుంచి పులివెందుల మీదుగా గండికోట, సూర్యాస్తమయం చూసి తిరుగు ప్రయాణం. కాగితం మీద చూస్తే భలే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం ట్రావెలర్లో కూర్చుంటే తెలుస్తుంది అసలు సంగతి.

నేను మా అక్కతో వెళ్ళా. నా దగ్గర పాత కెమెరా, ఒక వైడ్ లెన్స్. అక్క దగ్గర ఫోన్ తప్ప ఏం లేదు. బుక్ చేసేటప్పుడే అడిగా ఫోన్ వాళ్ళు రావొచ్చా అని, రావొచ్చు అన్నారు, నిజంగానే ఎవరూ చిన్నచూపు చూడలేదు, ఇది వాళ్ళకి పెద్ద ప్లస్. (ఇంకోచోట ఒక టూర్ వాళ్ళయితే "సీరియస్ ఫొటోగ్రాఫర్స్ మాత్రమే" అని మొహం మీదే చెప్పారు, సరే బాబూ అనుకున్నా.)

ఇంక లేపాక్షి. టూర్ మొత్తంలో డబ్బులు గిట్టింది ఇక్కడే, అందుకే ఎక్కువ రాస్తా.

పొద్దున్నే నంది దగ్గరికి తీసుకెళ్ళారు. గుడికి ఓ రెండొందల మీటర్ల దూరంలో ఉంటుంది, ఒకటే రాయి, 27 అడుగుల పొడవు 15 అడుగుల ఎత్తు, అందరూ చూసిన ఫొటోనే. అందరూ తీసే యాంగిల్ అందరం తీసేశాక మెంటర్ గారు "ఇప్పుడు మొత్తం నంది రాకుండా ఒక్కటి తీయండి" అన్నారు. మెడలో గంటల వరస, పూసల దండలు, గంగడోలు మడతలు, ఏటవాలు ఎండ పడితే అవన్నీ పైకి లేచి కనిపిస్తాయి, అదే ఎండ నడినెత్తికొస్తే అంతా చదునుగా అయిపోతుంది. ఈయన ఎండ టైము లెక్కేసుకుని తీసుకొచ్చాడని అప్పుడర్థమైంది.

తర్వాత గుడి. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: విజయనగర కాలం, అచ్యుతదేవరాయల ఏలుబడిలో పెనుకొండలో అధికారిగా ఉన్న విరుపణ్ణ, తమ్ముడు వీరణ్ణ కట్టించిన వీరభద్రస్వామి గుడి, 16వ శతాబ్దం, కూర్మశైలం అనే చిన్న గుట్ట మీద. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది వేలాడే స్తంభం కింద కండువా దూర్చి, ఏడు పడగల నాగలింగం దగ్గర సెల్ఫీ దిగి, విరుపణ్ణ తన కళ్ళు తనే పీకి గోడకేసి కొట్టాడన్న కథ విని, ఆ గోడ మీద ఎర్ర మరకలు చూసి వెళ్ళిపోతారు. తల పైకెత్తరు. అసలు సరుకంతా పైకప్పు మీదుంటే!

నాట్యమండపం పైకప్పు నిండా వరస పట్టీలుగా బొమ్మలు. పార్వతి పెళ్ళి, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం (వేటగాడి వేషంలో శివుడు, అర్జునుడు ఒకే పందిని కొట్టి పోట్లాడుకునే కథ), అందులో ఆ అడవిపంది ఒకటుంటుంది చూడండి, వటపత్రశాయి, ఆవుదూడని రథం కింద తొక్కించిన కొడుక్కి శిక్ష వేసిన మనునీతి చోళుడి కథ. లోపలికెళ్తే అర్ధమండపం కప్పు మీద వీరభద్రుడు, సుమారు 24 అడుగులకి 14 అడుగులు, ఆసియాలోనే పెద్దదని చెప్తుంటారు. ఇంకోచోట గుడి కట్టించిన అన్నదమ్ములే పరివారంతో నిలబడి ఉంటారు, నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు. మొహాలన్నీ పక్కనుంచి చూసినట్టుంటాయి, కళ్ళు మాత్రం బాగా పెద్దవి. కాషాయం, ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, కొంచెం ఆకుపచ్చ. నీలం దాదాపుగా కనపడదు. ఈ నీలం సంగతి గుర్తుపెట్టుకోండి, ఎడిటింగ్ క్లాసు దగ్గర పనికొస్తుంది.

ఇవి ఫొటో తీయడం ఎంత కష్టమో తీసినవాళ్ళకే తెలుసు. లోపల చీకటి. ఫ్లాష్ వాడకూడదు. పురావస్తు శాఖ కింద ఉన్న చోటు కాబట్టి ట్రైపాడ్ పట్టుకెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు, దానికి ముందే పర్మిషన్ ఉండాలి. తల వెనక్కి వంచి చేత్తో తీస్తే మెడ పట్టేస్తుంది, బొమ్మ షేక్ అవుతుంది, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే శక్తి) పెంచితే ఫొటో నిండా నాయిస్, అంటే చుక్కలు చుక్కలు.

మెంటర్ గారు చేసిందేంటంటే, పొద్దున్నంతా మమ్మల్ని లోపలికి వెళ్ళనివ్వలేదు! బయట లతామండపం దగ్గర కూర్చోబెట్టారు. పదకొండు దాటాక అప్పుడు పిలిచారు. కొందరు గొణిగారు, నడి ఎండలో ఎవరైనా ఫొటోలు తీస్తారా, గోల్డెన్ అవర్, అదే పొద్దుటి మెత్తటి ఎండ, అంతా వేస్ట్ చేశాడు అని. లోపలికెళ్ళాక నోళ్ళు మూతపడ్డాయి. ఎండ బయట ప్రాకారంలో పరిచిన బండల మీద నేరుగా పడి, అక్కణ్ణుంచి మెత్తగా పైకి కొట్టి, అంచునున్న అంకణాల (స్తంభాల మధ్య గదుల్లాంటి చోట్ల) కప్పు మీద వెలుతురు పరిచినట్టు ఉంది. నేను ఇంతకుముందు సాయంత్రం పూట వెళ్ళినప్పుడు గోధుమరంగు మరకల్లా కనిపించిన చోట ఈసారి చీరల అంచులు, జడల్లో పూలు, వేళ్ళ గోళ్ళతో సహా కనిపించాయి. మధ్యలో ఉన్న అంకణాలకి ఈ వెలుతురు చేరదు, అక్కడ కొంచెం కష్టపడాల్సిందే. కానీ ఈ ఒక్క టైమింగ్ తెలిసిన మనిషి పక్కన ఉన్నందుకే నేను సగం డబ్బులు ఇచ్చేస్తా.

రెండో విద్య, టవల్. ఇంటి నుంచి ఒక చిన్న టవల్ తెమ్మని మెసేజ్‌లో పెట్టారు, ఎందుకో అనుకున్నాం. దాన్ని నాలుగు మడతలేసి నేల మీద పెట్టి, కెమెరాని దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, లెన్స్ పైకి చూసేలా సర్ది, రెండు సెకన్ల టైమర్ పెట్టి పక్కకి జరగాలి. అంతే. ఐఎస్ఓ తక్కువ పెట్టుకోవచ్చు, షట్టర్ ఎంత స్లో అయినా కదలదు, పైగా కప్పుకి సరిగ్గా సమాంతరంగా ఉంటుంది కాబట్టి బొమ్మ ఓ పక్కకి ఒరగదు. ఫోన్‌కి కూడా ఇదే. మా అక్క ఫోన్ వెల్లకిలా పెట్టి తీసిన ఆ అడవిపంది ఫొటో ముందు నా లెన్సు ఏం పనికిరాలేదు, మెంటర్ గారు కూడా దాన్నే అందరికీ చూపించారు. అక్క ఇప్పటికీ దాన్ని అడ్డం పెట్టుకుని నన్ను ఏడిపిస్తోంది, "ఏమే, నీ లక్ష రూపాయల కెమెరా ఏమందే" అని. లక్ష కాదు అక్కా, సెకండ్ హ్యాండ్.

మూడోది వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురుని బట్టి కెమెరా రంగుల్ని సర్దే సెట్టింగు. ఆటోలో పెడితే కెమెరా ఈ ఎరుపుని చూసి ఏదో తేడా ఉందనుకుని దాన్ని చల్లార్చేస్తుంది, కాషాయం కాస్తా పాలిపోయి సిమెంటు రంగులోకి వెళ్తుంది. డేలైట్‌లో లాక్ చేసేయమన్నారు. రా ఫార్మాట్‌లో తీసేవాళ్ళకి తర్వాతైనా మార్చుకోవచ్చు, జేపెగ్ వాళ్ళు మాత్రం అక్కడే చూసుకోవాలి.

కొన్నిచోట్ల సున్నపు పూత రాలిపోయింది, కొన్నిచోట్ల నీళ్ళు దిగిన చారలు, మసి. అవి చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. మెంటర్ గారు రాలిపోయినవి కూడా తీయమన్నారు, వచ్చే ఏడు ఇదే మచ్చ ఎంత పెద్దదైందో పోల్చుకోవడానికైనా ఉంటుంది అని. ఆయన దగ్గర అదే మూల, అదే బొమ్మ, ఏళ్ళ తరబడి తీసినవి ట్యాబ్‌లో ఉన్నాయి, బస్సులో చూపించారు. నాకైతే ఆయన తీసిన అవార్డు ఫొటోల కంటే అవే బాగా నచ్చాయి.

లతామండపం గురించి కూడా చెప్పాలి. స్తంభాల నిండా చెక్కిన తీగలు, పూలు, హంసలు, గళ్ళు. చీరల మీద లేపాక్షి డిజైన్ అని మనం కొనేవాటిలో చాలావరకు ఇక్కడివే. ఒక్కొక్కరు ఒక్క డిజైన్ ఎంచుకుని అదొక్కటే తీయాలి అన్నారు, ఎదురుగా నిలబడి, అంచులు ఫ్రేముకి సమానంగా, పక్క నుంచి ఎండ పడేదాకా ఆగి. మొదట బోర్ కొట్టింది, స్కూల్లో కాపీ రాయించినట్టు. కాసేపయ్యాక అదే స్తంభానికి ఇటు పక్క అటు పక్క శిల్పి చేయి మారిందేమో అనిపించేంత తేడాలు కనిపించాయి.

చిన్న హెచ్చరిక, మధ్యాహ్నం ఆ బండల మీద వట్టి కాళ్ళతో నడిస్తే బొబ్బలెక్కుతాయి. సాక్సులు పట్టుకెళ్ళండి. ఇది టూర్ వాళ్ళ మెసేజ్‌లో లేదు, ఉండాల్సింది.

లేపాక్షిలో నా కంప్లైంట్ ఒక్కటే. ఆ సగంలో ఆగిపోయిన కల్యాణమండపం ఉంది కదా, కప్పు లేకుండా స్తంభాలు మాత్రమే నిలబడి, శివపార్వతుల పెళ్ళికి వచ్చిన దేవతలందరూ వాటి మీద చెక్కి ఉంటారు, దానికి సాయంత్రం ఏటవాలు ఎండ కావాలి. మేం రెండింటికే బస్సెక్కేశాం. వెలుతురు గురించి పొద్దున్నంతా పాఠం చెప్పిన టూర్ మధ్యాహ్నానికి తన పాఠం తనే మర్చిపోతే ఎలా? అడిగితే "ప్రోగ్రామ్ అలా ఫిక్స్ అయిపోయింది మేడమ్, నా చేతిలో లేదు" అన్నారు మెంటర్ గారు, నడిపేవాళ్ళు వేరు, ఈయన వేరు. ఈ టూర్లో బాగున్నవన్నీ ఈయన చేతిలో ఉన్న గంటలు, బాగోనివన్నీ ఆ ప్రోగ్రామ్ షీటు చేతిలో ఉన్న గంటలు. మిగతా రివ్యూ అంతా ఇదే రిపీట్ అవుతుంది చూడండి.

నిమ్మలకుంట ధర్మవరం దగ్గర. తోలుబొమ్మలు చేసే ఊరు, 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారిది ఈ ఊరే. మేం వెళ్ళింది వేరే ఒకరింటికి. మేకతోలుని శుభ్రం చేసి, ఆరబెట్టి, వెలుతురు దూరేంత పల్చగా చేసి, దాని మీద గీసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొట్టి రంగులేస్తారు. మనిషంత ఎత్తు బొమ్మలు కూడా ఉంటాయి. మామూలుగా గోడకి ఆనించి తీస్తే అట్టముక్కలా వస్తుంది ఫొటో. బొమ్మ వెనక కిటికీ ఉండేలా చూసుకుంటే అప్పుడు రావణాసురుడి కిరీటంలో ప్రతి చిల్లూ మెరుస్తుంది, ఎరుపు నిజంగా ఎరుపులా ఉంటుంది. తెర వెనక దీపం పెట్టి ఆడించడం కోసమే చేసిన బొమ్మ కదా, వెనక వెలుగు లేకపోతే దానికి ప్రాణం ఎక్కడిది.

ఇక్కడ నాకు మండింది. ఇచ్చింది ముప్పావు గంట. పద్నాలుగు మంది ఒక చిన్న వరండాలో. యాడ్‌లో పదిమందికి మించం అని రాసి ఉంది, ట్రావెలర్లో సీట్లున్నాయి కదా అని నింపేశారు. మాలో ఒకాయన బొమ్మలు చేసే ఆ పెద్దాయన్ని "తాతా ఇటు చూడు, తాతా బొమ్మ పైకెత్తు, ఇంకొంచెం ఎత్తు" అని మోడల్‌ని తిప్పినట్టు తిప్పుతున్నాడు. ఆయన పాపం ఓపిగ్గా ఎత్తుతూనే ఉన్నాడు. చివరికి అక్కే కలగజేసుకుని "అన్నా, కాసేపు ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి, చేసుకుంటుంటే తీయండి" అనింది. అప్పుడొచ్చాయి మంచి ఫొటోలు, ఉలి పట్టుకున్న వేళ్ళు, ఒళ్ళో తోలు, నేల మీద రాలిన చిన్న చిన్న తోలు చుక్కలు. ఇంటివాళ్ళకి టూర్ వాళ్ళు ఎంతిస్తారో అడిగా, దాచకుండా చెప్పారు, వచ్చిన ప్రతిసారీ ఒక మొత్తం ఇస్తారట, కొన్నా కొనకపోయినా. అది మర్యాదగానే ఉంది. మేం ఒక లాంప్ షేడ్ కొన్నాం. మీరు కూడా బేరమాడకుండా ఏదో ఒకటి కొనండి దయచేసి, చిల్లులు ఎన్నున్నాయో ఒకసారి చూస్తే బేరమాడబుద్ధి కాదు.

కదిరిలో రూము ఓకే, నీళ్ళొచ్చాయి, ఫ్యాన్ తిరిగింది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అంతకంటే రాయడానికి ఏం లేదు. తిండి విషయానికొస్తే పొద్దున ఉగ్గాణి బజ్జీ అదిరింది, మధ్యాహ్నం సంగటి నాటుకోడి పులుసు, శాకాహారులకి సంగటితో పప్పు, వేరుశనగ చట్నీ. ఒక నార్త్ అబ్బాయి సంగటి ముద్ద నమలబోయాడు, మింగాలి నాయనా అని హోటలాయన నేర్పించాడు.

తిమ్మమ్మ మర్రిమాను. కదిరికి ఓ పాతిక కిలోమీటర్లు, గూటిబైలు దగ్గర. దూరం నుంచి చూస్తే చెట్టు అని ఎవరూ అనుకోరు, చిన్న అడవి అనుకుంటారు. దాదాపు 5 ఎకరాల్లో పరుచుకుంది కొమ్మలు, 1989లో గిన్నిస్‌లోకి ఎక్కింది. 1434లో భర్త చితిలో సహగమనం చేసిన తిమ్మమ్మ పేరు మీద, ఆ చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ చెట్టయిందని ఊళ్ళో చెప్తారు, కింద ఆమెకి చిన్న గుడి ఉంది, పిల్లల్లేనివాళ్ళు వచ్చి మొక్కుకుంటారు. ఈ చెట్టుని బయటి లోకానికి తెలిసేలా చేసిన మనిషి కథ మెంటర్ గారు బస్సులో చెప్పారు. కర్ణాటకకి చెందిన ఫ్రీలాన్స్ జర్నలిస్టు, ఫొటోగ్రాఫర్ కూడా, పత్రికలకి పంపినవన్నీ "విచారిస్తున్నాం" అంటూ రిగ్రెట్ లెటర్లతో తిరిగొచ్చేవట, విసిగిపోయి తన పేరుకే రిగ్రెట్ తగిలించుకున్నాడు, రిగ్రెట్ అయ్యర్! నిజంగానే. చెట్టు దగ్గర పెట్టిన బోర్డులకంటే ఈ కథే బాగుంది.

ఫ్రేములో పట్టని దాన్ని ఎలా తీయాలి, అదీ ఆ పొద్దున పాఠం. అందరం మొదట వెనక్కి వెనక్కి నడిచి మొత్తం పట్టించాలని చూశాం. మొత్తం పడితే ఏముంటుంది, పచ్చటి గుబురు ఒకటి, ఏ చెట్టయినా అంతే. లోపలికెళ్ళి ఊడల మధ్య ఒక మనిషిని నిలబెట్టి తీస్తే అప్పుడు తెలుస్తుంది సైజు. ఊడలు వెయ్యికి పైనే, కొన్ని నిజంగా చెట్టు మొదలంత లావు, ఏది అసలు మానో ఏది ఊడో కనిపెట్టలేం. పొద్దున్నే వెళ్ళాం కాబట్టి ఎండ పక్క నుంచి గీతలు గీతలుగా లోపలికి దూరింది, ఓ గంట. ఆ తర్వాత మామూలైపోయింది. ఇంకో సంగతి, ఆకుల్లోంచి వడిసిన వెలుతురు పచ్చగా ఉంటుంది కదా, కింద నిలబడ్డ మనుషుల మొహాలు కూడా పచ్చగా జబ్బు చేసినట్టు పడతాయి. దానికి కొద్దిగా మెజెంటా కలపమన్నారు, లేదా మొహాలు అంచులవైపు, ఆకాశం కనిపించే చోటికి తిప్పమన్నారు. ఈ రెండో ఉపాయం ఫోన్ వాళ్ళకి పనికొస్తుంది. ఇక్కడ టైమ్ ఎవరూ తరమలేదు, మెంటర్ గారు చెప్పిందే జరిగింది, టూర్లో లేపాక్షి తర్వాత నాకు నచ్చిన చోటు ఇదే. ఆడవాళ్ళకి ఒక మాట, అంత పొద్దున అక్కడ బాత్రూమ్ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకుండా రూములోనే చూసుకుని బయలుదేరండి.

గండికోట... ఏం చెప్పమంటారు. చోటు గొప్పది, అందులో అనుమానం లేదు. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ వెళ్ళిన లోయ, అటూ ఇటూ పేర్చినట్టున్న ఎర్రటి రాళ్ళు. టూర్ యాడ్‌లో మొదటి ఫొటో కూడా అదే. అయితే ఆ ఫొటో డ్రోన్‌తో తీసింది. పర్మిషన్ లేకుండా అక్కడ డ్రోన్ ఎగరేయకూడదు, టూర్లో మీకెవరూ ఆ వ్యూ చూపించరు, చూపించలేరు. యాడ్‌లో ఒక్క లైను రాస్తే పోయేది.

కదిరి నుంచి మధ్యలో భోజనంతో కలిపి చేరేసరికి మధ్యాహ్నం బాగా దాటింది, అందరూ నిద్రమొహాలు. నేరుగా లోయ అంచుకి తోలుకెళ్ళారు. ఆదివారం సాయంత్రం, కాబట్టి జనం, ప్రతి బండరాయి మీద ఒక జంట. పొద్దు దిగేకొద్దీ లోయ అడుగంతా నీడలోకి వెళ్ళిపోతుంది, పైన ఆకాశం వెలిగిపోతుంటుంది, ఒకటి సరిగ్గా వస్తే ఇంకోటి నల్లగానో తెల్లగానో పోతుంది, బ్రాకెటింగ్ చేసి, అంటే అదే ఫ్రేము వెలుతురు ఎక్కువ తక్కువల్లో రెండు మూడు తీసి, తర్వాత కలుపుకోవాలి. కోటలోనే రాత్రి ఉండి తెల్లవారుజామున అంచుకి వెళ్ళేలా పెడితే జనమూ తగ్గుతారు, ఈ హడావుడీ ఉండదు. అంచున రెయిలింగు లాంటిదేం లేదు, వెనక్కి నడుస్తూ ఫ్రేము పెట్టుకునే అలవాటున్నవాళ్ళు దండం పెడతా, కాళ్ళ వైపు చూసుకోండి. పిల్లల్ని తీసుకెళ్తే చెయ్యి వదలొద్దు.

మెంటర్ గారు ఇక్కడ కూడా తనకి దొరికిన కాసేపట్లో ఒక మంచి పని చేశారు. లోయ దగ్గర విసుగొచ్చినవాళ్ళు నాతో రండి అని కొంతమందిని జామా మసీదు వైపు తీసుకెళ్ళారు. ఆ కమానుల వరసలో ఒక కమానులోంచి చూస్తే ఇంకోటి, ఆ పక్కనే ధాన్యాగారం, మాధవరాయస్వామి గుడి గోపురం, ఊళ్ళోకి వచ్చే దారిలో పావురాల గోపురం. పెమ్మసాని నాయకుల కోట, తర్వాత గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు, ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ 1652లో అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. గుడి, మసీదు, గాదె అంతా నడిచేంత దూరంలో ఉన్నాయి, లోయ ఫొటో పిచ్చిలో ఎవరూ ఇటు తిరగరు. సంధ్యవేళ ఆ గోపురం మీద రంగు పావుగంట పాటు ఎలా మారిందో చెప్పలేను. అప్పుడే ఫోన్ మోగింది, బస్సు దగ్గరికి రండి, లేటవుతోంది అని. ఇంటికి చేరేసరికి సోమవారం తెల్లారుజాము. పొద్దున ఆఫీసున్నవాళ్ళ సంగతి మీరే ఊహించుకోండి, డ్రైవర్ సంగతి ఇంకా ముందు ఊహించుకోండి, ఆయనొక్కడే మొత్తం తోలాడు. ఇది ఫోన్లో గట్టిగా చెప్పా. రెండో డ్రైవర్ ఉన్నాడో లేడో బుక్ చేసేముందు తప్పకుండా అడగండి.

ఎడిటింగ్ క్లాసు. ఇది మెంటర్ గారు కాదు, వేరే కుర్రాడు. మంచివాడే, స్పీడుగా చెప్తాడు, సాఫ్ట్‌వేర్ మీద పట్టుంది. కానీ ప్రతిదానికీ ఒకటే ప్రీసెట్ (ముందే సెట్ చేసి పెట్టుకున్న రంగులు), నీడల్లో నీలం, వెలుగులో నారింజ. గండికోటకి సరే. మర్రిమానుకి కూడా ఎలాగో సరే. లేపాక్షి వీరభద్రుడికి కూడా అదే కొట్టాడు! నల్లగీతలన్నీ నీలంగా తిరిగిపోయాయి. ఆ కప్పు మీద బొమ్మలేసినవాళ్ళు దాదాపుగా వాడని రంగుని ఒక్క క్లిక్కుతో పూసేశాడు. నేను అంటే "సినిమాటిక్ లుక్ మేడమ్" అన్నాడు. పాత బొమ్మకి మన లుక్ ఎందుకు బాబూ, అక్కడ ఏ రంగుందో ఆ రంగు రావడానికి కదా అంతసేపు నేల మీద పాకింది. చాట్‌లో ఇంకో ఇద్దరు కూడా అదే అన్నారు, పాపం తర్వాత ఆ ఒక్కదానికి తీసేశాడు.

ఫొటో బుక్ మూడు వారాలకి వచ్చింది. చేతిలో పట్టుకుంటే ముచ్చటగానే ఉంది, మ్యాట్ పేపర్, తలా రెండేసి పేజీలు, అక్క అడవిపందికి నిండు పేజీ. కాకపోతే ప్రింట్ ముదురుగా వచ్చింది, స్క్రీన్ మీద వెలుతురు ఫుల్లుగా పెట్టుకుని ఎడిట్ చేస్తే ప్రింట్‌లో ఇలాగే చీకటైపోతుంది, మండపం నీడల్లో వివరాలన్నీ పోయాయి. అడిగితే మళ్ళీ ప్రింట్ చేసి పంపుతామన్నారు, పంపారు కూడా, ఈసారి బాగుంది. కొరియర్ డబ్బులు అడగలేదు.

సరే ఎవరు వెళ్ళొచ్చు? గుడి బొమ్మలు, శిల్పం, చెట్టు లాంటివి తీరిగ్గా చూడాలనుకునేవాళ్ళకి, ఫోన్‌తోనే తీసేవాళ్ళకి కూడా, పనికొస్తుంది. గండికోట కోసమే అయితే దీనికి వెళ్ళొద్దు, సొంతంగా వెళ్ళి ఒక రాత్రి అక్కడే ఉండండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఆ బస్సు ప్రయాణం కష్టం. ఏ టూర్ వాళ్ళనైనా అడగాల్సినవి: మెంటర్ ఎవరు, రూట్ మీద ఆయన మాట చెల్లుతుందా, ఎంతమంది, ఎక్కడ ఎంతసేపు. మెంటర్ గతంలో తీసిన ఫొటోలు చూపించమంటే చూపిస్తారు, అవి చూడండి, కానీ అంతకంటే ఆ చోటికి ఎన్నేళ్ళ నుంచి వెళ్తున్నాడో అడగండి.

స్టార్లు ఇవ్వమంటే మెంటర్‌కి ఐదు, ప్రోగ్రామ్‌కి రెండున్నర, తిండికి నాలుగు. నేను చెప్పినవన్నీ విని నడిపేవాళ్ళు గండికోటని తీసేసి లేపాక్షి, నిమ్మలకుంట, మర్రిమాను మాత్రమే ఉండేలా ఇంకో టూర్ పెడుతున్నామన్నారు, 8,500 అట, లేపాక్షిలో సాయంత్రం దాకా ఉంటారట. పెడితే నేను రెడీ. అక్క కూడా వస్తానంది, ఎడిటింగ్ క్లాసు లేకపోతే రేటు ఇంకో ఐదొందలు తగ్గిస్తారేమో కనుక్కోమంటోంది.